ఈత కొలనుకి ఎంత లోతు ఉండాలి?

మొన్న ఏప్రిల్లో మా కాలేజీ పూర్వవిద్యార్థుల సంఘం నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మేం చదివినప్పుడు అది కాలేజీ, ఇప్పుడు యూనివర్సిటీ. యూనివర్సిటీ అన్నాక ఈత జట్టు కూడా ఉండాలని కొత్తగా నిర్ణయించారట. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకి పంపే జట్టు, దానికో కోచ్, ఆ జట్టు కోసం ఒక కొలను. పాతిక మీటర్ల పొడవు, ఆరు లేన్లు, ఈ చివర నుంచి ఆ చివర దాకా రెండు మీటర్ల లోతు. మీ వంతుగా ఎంత ఇవ్వగలరో రాయండి అంటూ కింద ఒక ఫారం.

రెండు మీటర్ల దగ్గర ఆగిపోయాను. నా ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు. నాకు ఈత రాదు. నా డబ్బుతో కట్టే కొలనులో నేను దిగితే మునిగిపోతాను. ఫారం మూసేశాను.

మూసేశాను గానీ వదల్లేకపోయాను. ఒక విశ్వవిద్యాలయం పోటీ ఈత జట్టు పెట్టాలా వద్దా అన్నది నిజానికి చిన్న పాలనాపరమైన ప్రశ్న. బడ్జెట్టు చూసుకుని ఎవరో తేల్చేయొచ్చు. నాకు మాత్రం అది ఇద్దరు మనుషుల మధ్య తగాదాలా కనిపించింది. ఒకడు ఈత రాక పోయినవాడు. ఇంకొకామె ఈత వచ్చి పోగొట్టుకున్నది. ఇద్దరూ మా బ్యాచే.

ముందు వాడి సంగతి. 2009 నవంబర్లో, సెమిస్టర్ పరీక్షలు అయిపోయిన సాయంత్రం నలుగురం సాగర్ కాలువకి వెళ్ళాం. చూసినవాళ్ళకి తెలుసు, అది ఏరులా ఉండదు. రెండు పక్కలా ఏటవాలు సిమెంటు లైనింగు, దాని మీద పాచి. కాళ్ళు కడుక్కుంటూ ఒకడు జారాడు. పైకి నీళ్ళు నెమ్మదిగానే కనిపించాయి. గట్టు వెంబడి పరిగెత్తాం, అరిచాం, రెండు తువ్వాళ్ళు ముడేసి విసిరాం. మిగిలిన ముగ్గురిలో ఒక్కడికీ ఈత రాదు. మర్నాడు పొద్దున కింద రెగ్యులేటర్ దగ్గర దొరికాడు. పేపర్లో నాలుగు వాక్యాల వార్త. చివరి వాక్యంలో గజ ఈతగాళ్ళు వచ్చారు.

తర్వాతెప్పుడో పీటర్ సింగర్ 1972లో అచ్చువేసిన వ్యాసం చదివాను, కరువు గురించీ సంపన్నుల బాధ్యత గురించీ రాసింది. అందులోని ఉదాహరణ చాలామందికి తెలిసిందే. దారిలో వెళ్తున్నారు, మడుగులో ఒక పసిపిల్ల మునిగిపోతోంది. దిగి లాగితే బట్టలు బురదవుతాయి, అంతే నష్టం. దిగాలా వద్దా? దిగాలనే అందరం అంటాం. మరి దూరదేశంలో ఆకలితో చచ్చిపోతున్న పిల్లల విషయంలో అలా ఎందుకు అనం అని అతని ప్రశ్న. వాదం బలమైనదే. నేను మాత్రం ఒక చిన్న మాట దగ్గర చిక్కుకున్నాను. సింగర్ మడుగు లోతు తక్కువది. అక్కడ మంచి మనసుంటే చాలు. మా కాలువ దగ్గర మంచి మనసులు మూడు ఉన్నాయి, తువ్వాళ్ళు రెండు ఉన్నాయి. చాలలేదు.

కాంట్ పేరు మీద చెలామణి అయ్యే సూత్రం ఒకటుంది. ఫలానాది చెయ్యాలి అని ఒక మనిషిని అనాలంటే, ముందు అది అతను చెయ్యగలిగింది అయుండాలి. ఆ లెక్కన నా తప్పేం లేదు. దిగలేను కాబట్టి దిగాల్సిన బాధ్యత లేదు. పదిహేనేళ్ళుగా ఈ తీర్పు నా జేబులో ఉంది. ఒక్క రాత్రి కూడా నిద్ర పట్టించలేదు. ఎందుకంటే ఆ 'చెయ్యగలగడం' అనేది ఎండావానల్లా దానంతటది వచ్చేది కాదు. ఎవరో నేర్పాలి, ఎక్కడో నేర్చుకోవాలి. మాకు ఫ్లూయిడ్ మెకానిక్స్ చెప్పారు. ఆర్కిమిడిస్ సూత్రం మీద పది మార్కుల ప్రశ్నకి నేను తొమ్మిది తెచ్చుకున్నాను. తేలే వస్తువు ఎందుకు తేలుతుందో సమీకరణంతో సహా రాయగలిగిన ముగ్గురం గట్టు మీద నిలబడ్డాం.

కాబట్టి నా మొదటి జవాబు సిద్ధం. జట్టు వద్దు. ముందు అందరికీ ఈత నేర్పండి.

ఇదేమీ వింత కోరిక కాదు. అమెరికాలో ఎం.ఐ.టి.లో అండర్‌గ్రాడ్యుయేట్ విద్యార్థులకి ఈత పరీక్ష ఉంది, వంద గజాలు ఈదాలి. రాకపోతే క్లాసులో చేరి నేర్చుకోవాలి. చైనాలో త్సింగ్‌హువా విశ్వవిద్యాలయం 2017లో చేరిన బ్యాచ్ నుంచి యాభై మీటర్లు ఈదడం తప్పనిసరి చేసింది. మన దగ్గర నీళ్ళలో మునిగి చనిపోయేవాళ్ళు, జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారమే, ఈమధ్య సంవత్సరాల్లో ఏటా ముప్పై వేలు దాటుతున్నారు.

ఈత అన్నిటికీ మందు అని అనడం లేదు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది మధ్య ఫొటోలు దిగుతున్న 24 మంది హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థుల్ని, ఎగువన లార్జీ ఆనకట్ట నుంచి ఒక్కసారిగా వదిలిన నీళ్ళు తీసుకుపోయాయి. ఆ నీళ్ళకి ఈతా, ఈత రాకపోవడమూ ఒకటే. అక్కడ కావల్సింది సైరను, హెచ్చరిక, జవాబుదారీతనం. వాటికి బదులు ఈత క్లాసు చూపిస్తే అది మోసం. కాలువలూ చెరువులూ క్వారీ గుంటలూ మాత్రం వేరే లెక్క. అక్కడ యాభై మీటర్ల ఈత, దానికన్నా ముఖ్యంగా నీళ్ళలో కంగారు పడకుండా వెల్లకిలా తేలడం, చాలాసార్లు సరిపోతాయి.

"మా కాలంలో ఇవన్నీ ఎవరు నేర్పారు? సొరకాయ బుర్ర నడుముకి కట్టి బావిలో తోసేవారు, అదే వచ్చేది" అంటాడు మా పెదనాన్న. నిజమే, ఆయనకొచ్చు. మా అత్తలకి రాదు, ఆడపిల్లల్ని ఎవరూ తొయ్యలేదు. ఊళ్ళో కొన్ని వాడల పిల్లలకి ఆ బావి గట్టెక్కే వీలు కూడా లేదు. మహాడ్‌లో చవ్‌దార్ చెరువు నీళ్ళు దోసిట్లోకి తీసుకుని తాగడానికి 1927లో అంబేడ్కర్ ఒక ఉద్యమమే చెయ్యాల్సి వచ్చిన దేశం ఇది. నీళ్ళలోకి ఎవరు దిగొచ్చు అన్నది ఇక్కడ ఎప్పుడూ అమాయకమైన ప్రశ్న కాదు. ఊరి బావి నేర్పనివాళ్ళకి నేర్పగలిగే చోటు ఏదైనా ఉంటే అది బడి, కాలేజీ, విశ్వవిద్యాలయం. అలాంటి చోట ఉన్న ఒక్క కొలనునీ ఇరవై మంది జట్టుకి రాసిచ్చేస్తే పాత బావికే కొత్తగా గోడ కట్టినట్టు.

ఇంతవరకూ రాసుకుని బాగానే ఉందనుకున్నాను. అప్పుడు ఆమె గుర్తొచ్చింది.

ఆమె మా క్లాసుకి స్పోర్ట్స్ కోటాలో వచ్చింది. ఇంజినీరింగ్ సీట్లలో ఆ కోటా అర శాతం. బటర్‌ఫ్లైలో రాష్ట్రస్థాయి పతకాలు ఉండేవి. మొదటి వారం పరిచయాల్లో 'స్విమ్మర్' అని చెప్పింది, మేం చప్పట్లు కొట్టాం. కాలేజీలో కొలను లేదు. ఊళ్ళో మున్సిపల్ కొలను ఉంది, ప్రాక్టీసు తెల్లవారుజామున ఐదున్నరకి. అమ్మాయిల హాస్టల్ గేటు ఆరింటికి తెరిచేవాళ్ళు. అరగంట ముందు తెరవమని అర్జీ పెట్టుకుంది. నీ ఒక్కదాని కోసమా అన్నారు. రెండో సెమిస్టర్‌కి మానేసింది. ఈత వల్ల సీటొచ్చింది, సీటు వల్ల ఈత పోయింది. ఆ సంగతి అప్పుడు మాకెవరికీ అన్యాయంలా తోచలేదు. చదువుకోవడానికే కదా వచ్చింది అనుకున్నాం.

'ముందు అందరికీ, తర్వాతే కొందరికి' అనే నా వాదం ఆమె ముందు పెట్టి చూడండి. తప్పేముంది అనిపిస్తుంది. కానీ ఇదే వాదాన్ని లైబ్రరీ దాకా తీసుకెళ్ళండి. అందరికీ తప్పుల్లేకుండా ఒక పేజీ రాయడం వచ్చేదాకా ఎవరూ పరిశోధన చెయ్యకూడదు. అందరికీ కలనగణితం వచ్చేదాకా గణితంలో పీహెచ్‌డీలు ఆపేయాలి. ఇలా ఏ విశ్వవిద్యాలయమూ నడవదు. 'అందరికీ' అనేది ఎప్పటికీ పూర్తికాదు, ఏటా కొత్త బ్యాచ్ వస్తూనే ఉంటుంది. దాన్ని ముందు షరతుగా పెట్టడమంటే ఆ కొందరికి ఎప్పటికీ లేదని మర్యాదగా చెప్పడం. గేటు దగ్గర ఆమెకి చెప్పింది కూడా అదే.

అయినా చదువూ ఈతా ఒకటేనా? బటర్‌ఫ్లై కథ తెలిశాక నాకు ఆ సందేహం కాస్త సడలింది. 1930ల్లో అయోవా విశ్వవిద్యాలయం ఈత కోచ్ డేవిడ్ ఆర్మ్‌బ్రస్టర్‌ని ఒక సమస్య పట్టుకుంది. బ్రెస్ట్‌స్ట్రోక్‌లో చేతుల్ని నీళ్ళ లోపలి నుంచే ముందుకి తేవాలి, నీళ్ళు అడ్డుపడి వేగం తగ్గిపోతుంది. చేతుల్ని నీళ్ళ పైనుంచి విసిరితే? ఆయన జట్టులో జాక్ సీగ్ అనే విద్యార్థి రెండు కాళ్ళూ కలిపి చేప తోకలా ఆడించేవాడు. ఆ చేతులూ ఈ కాళ్ళూ కలిపి చూశారు. నిబంధనలు వెంటనే ఒప్పుకోలేదు. 1952లో గానీ బటర్‌ఫ్లై విడి స్ట్రోక్ కాలేదు, 1956 ఒలింపిక్స్‌లో గానీ విడి పోటీ కాలేదు. నీళ్ళ నిరోధం అనే ప్రశ్న, ఒక ఊహ, ఒక ప్రయోగం, నిబంధనలతో గొడవ, చివరికి ఒప్పుకోలు. ల్యాబులో జరిగితే దీన్ని పరిశోధన అంటాం. సెకనులో వందో వంతు తగ్గించాలని ఎవరూ పట్టుబట్టని కొలనులో ఇది పుట్టేది కాదు. దాదాపు ఎనభై ఐదేళ్ళ తర్వాత, 2021 జూన్‌లో రోమ్‌లో, సాజన్ ప్రకాశ్ 200 మీటర్ల బటర్‌ఫ్లైని ఒక నిమిషం 56.38 సెకన్లలో ఈది ఒలింపిక్స్ నేరుగా అర్హత పొందిన మొదటి భారతీయ ఈతగాడయ్యాడు. అర్హత సమయం 1:56.48. తేడా సెకనులో పదో వంతు.

కాబట్టి జట్టుని సర్కస్ అని కొట్టిపారేయలేను. పోటీ అనేది కొన్ని రకాల జ్ఞానానికి పుట్టిల్లు.

మరి జట్టు పెట్టే సంస్థ కూడా అలాగే అనుకుంటుందా? అలాస్డేర్ మెకింటైర్ 1981లో రాసిన 'ఆఫ్టర్ వర్చ్యూ'లో చదరంగం నేర్చుకునే పిల్లవాడు ఒకడున్నాడు. గెలిస్తే మిఠాయి ఇస్తామని ఆశపెట్టి ఆడిస్తారు. మిఠాయి కోసమే ఆడినంతకాలం మోసం చెయ్యకపోవడానికి వాడికి కారణమే లేదు. ఎప్పుడో ఒకప్పుడు ఆటలోనే ఉన్న రుచి తెలిస్తే, మోసం చేస్తే ఓడేది తానేనని తెలుస్తుంది. మెకింటైర్ ఇంకో మాట కూడా అంటాడు. ఏ విద్యా సంస్థల అండ లేకుండా ఎక్కువకాలం నిలవదు. సంస్థలకేమో ఎప్పుడూ మిఠాయి మీదే కన్ను: డబ్బు, హోదా, పేరు. అండ ఇచ్చే చెయ్యే పాడు చెయ్యగలదు.

ఉత్తరం మళ్ళీ తీసి చదివితే మిఠాయి కనిపించింది. పతకాలు, ర్యాంకింగు, గుర్తింపు. న్యాక్ మూల్యాంకనంలో క్రీడల్లో, సాంస్కృతిక పోటీల్లో విద్యార్థులు తెచ్చిన పతకాలకి ఒక గడి ఉంది. ఎంతమందికి ఈత వచ్చిందో రాసే గడి లేదు. మిఠాయి దొరకనప్పుడు సంస్థలు ఏం చేస్తాయో కూడా అయోవాయే చూపించింది. బటర్‌ఫ్లై పుట్టిన ఆ విశ్వవిద్యాలయం 2020 ఆగస్టులో, కోవిడ్ నష్టాలు చూపించి, పురుషుల, మహిళల ఈత జట్లు రెండూ ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. లింగవివక్ష చట్టం కింద విద్యార్థినులు కోర్టుకెళ్ళాక మహిళల జట్టు తిరిగొచ్చింది. పురుషులది రాలేదు. అంత చరిత్ర కూడా ఒక జట్టుని కాపాడలేదు. పెట్టేటప్పుడు ఎందుకు పెడుతున్నారో అడగాల్సింది అందుకే. పతకాల కోసం పెట్టిన జట్టు పతకాలు రాని మూడో ఏడు పోతుంది, కొలనులో నీళ్ళు ఆకుపచ్చగా మారతాయి. అలాంటి కొలనులు మన క్యాంపస్‌లలో చూడనివాళ్ళు తక్కువ.

ఇక్కడ నాకొక తెలివైన రాజీ తట్టింది. జట్టు పెట్టండి, కానీ జట్టులో ప్రతి ఒక్కరూ వారానికి రెండు గంటలు మిగతావాళ్ళకి ఈత నేర్పాలి. అందరూ, కొందరూ ఇద్దరూ తృప్తి పడతారు. చాలా అందమైన డిజైన్ అనిపించింది. కోడ్ రాసేవాళ్ళకి ఇలాంటివి తట్టినప్పుడు కొంచెం గర్వం కూడా వస్తుంది. ఆ గర్వంతోనే ఆమెకి ఫోన్ చేశాను. ఇప్పుడు బెంగళూరులో మాలాగే సాఫ్ట్‌వేర్. పదమూడేళ్ళ తర్వాత మాట్లాడటం.

అంతా విని, "నేర్పడం నాకు ఇష్టమే. అప్పుడు కూడా అడిగుంటే నేర్పేదాన్ని, ఒక్కళ్ళూ అడగలేదు. కానీ నేర్పితేనే నీకు లేన్ ఇస్తాం అంటే మాత్రం ఒప్పుకోను" అంది.

"ఎందుకు?"

"మన గోల్డ్ మెడలిస్టుని జూనియర్లకి ట్యూషన్ చెప్తేనే లైబ్రరీ కార్డు ఇస్తామన్నారా? వాడి చదువు వాడికోసం. నా ఈత మాత్రం ఎవరికో పనికొచ్చేదై ఉండాలా?"

నా దగ్గర జవాబు లేదు. మా కాలువ సంగతి ఆమెకీ తెలుసు, మా క్లాసే. కాసేపయ్యాక తనే, "ఆ రోజు నేనుంటే దిగేదాన్నా అని చాలాసార్లు అనుకున్నా. దిగేదాన్నేమో. కానీ అప్పటికి మానేసి రెండేళ్ళు" అంది. రాస్తే పేరు పెట్టొద్దని కూడా అంది.

ఆమె అన్నదాంట్లో న్యాయం ఉంది. ప్రతిభ తన ఉపయోగాన్ని రుజువు చేసుకున్నాకే బతకాలి అనడం నేను ఇంకే విషయంలోనూ ఒప్పుకోను. కవిత్వం వల్ల ఏం లాభం అని అడిగేవాళ్ళతో జుట్టూ జుట్టూ పట్టుకుంటాను. ఈతకి వచ్చేసరికి నేనే ఆ మాట అడిగాను. అందరికీ నేర్పడం విశ్వవిద్యాలయం బాకీ. ఆ బాకీని ఉచితంగా తీర్చే పని తెల్లారుజామున లేచి ఈదే ఇరవై ఏళ్ళ పిల్లల మీద పెట్టబోయాను.

అప్పుడు నాకు వచ్చిన పని చేశాను, లెక్క వేశాను. ఏటా చేరేది తొమ్మిది వందల మంది అనుకుందాం. రోజుకి నాలుగు గంటలు నేర్చుకునేవాళ్ళకి, గంటకి ముప్పై మంది, ఒక్కొక్కరికి ఇరవై క్లాసులు. నెలకి నూట ఇరవై మంది, ఎనిమిది నెలల్లో తొమ్మిది వందల అరవై. సరిపోతుంది. జట్టుకి పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర, సాయంత్రం మరో రెండు గంటలు. అవీ సరిపోతాయి. అంటే గంటల దగ్గర తగాదా లేనే లేదు. తగాదా అంతా లోతు దగ్గరుంది. రెండు మీటర్ల నీళ్ళలో కొత్తవాళ్ళకి కాలు అందదు. గంటకి ముప్పై మందిని దించలేం. ఒక్కో శిక్షకుడు ఇద్దరు ముగ్గురికి మించి చూసుకోలేడు. నా లెక్క కుప్పకూలుతుంది. ఆ కొలను అందరికీ తెరిచే ఉంటుంది, అందరూ ఒడ్డునే ఉంటారు.

రెండు మీటర్లు ఒకప్పుడు ఒలింపిక్స్ స్థాయి పోటీలకి కనీస ప్రమాణం. మామూలు పోటీ కొలనుకి అంతర్జాతీయ నిబంధనలు అడిగేది అంత లేదు. దూకే దిమ్మెలున్న గోడ దగ్గర, మీటరు దూరం నుంచి ఆరు మీటర్ల దాకా, 1.35 మీటర్ల లోతు. మిగతా చోట ఒక మీటరు చాలు. అంటే కొలను అడుగు వాలుగా కట్టి, ఒక చివర జట్టు దూకడానికి లోతు, రెండో చివర నాలాంటివాడు నిలబడటానికి మీటరు నీళ్ళు పెట్టొచ్చు. నిబంధనలూ అడ్డురావు.

ఇందులో జట్టుకి నష్టమేం లేదా అని ఆమెనే అడిగాను. ఉంది అంది. లోతు తక్కువైతే అల అడుగున తగిలి తిరిగొస్తుంది, నీళ్ళు గరుకుగా అనిపిస్తాయి, సెకనులో ఎంతో కొంత పోతుంది. సాజన్ ప్రకాశ్ విషయంలో మనం పండగ చేసుకున్నది అలాంటి ముక్క గురించే. కాబట్టి ఇది నొప్పిలేని పరిష్కారం అని చెప్పను. అయినా ఆ ముక్క వదులుకోమని అడగడం న్యాయమే అనుకుంటున్నాను. విశ్వవిద్యాలయం ఒలింపిక్ శిక్షణ కేంద్రం కాదు. అక్కడి జట్టుకి లేన్ మీద హక్కుంది, కోచ్ మీద హక్కుంది, ఐదున్నరకి గేటు తెరిపించుకునే హక్కుంది. నీళ్ళన్నిటినీ తన లోతుకే ఉంచుకునే హక్కు లేదు. ఆమె దీనికి ఒప్పుకుందా అంటే, "సరేలే, నాకు అసలు నీళ్ళే లేవు కదా అప్పుడు" అంది. అది ఒప్పుకోలో కాదో నేను తేల్చుకోలేదు.

ఫారం మళ్ళీ తెరిచాను. మొత్తం అన్న చోట ఒక నెల జీతం రాశాను. కింద ఇతర సూచనలు అన్న చోట మూడు వాక్యాలు. ఒక చివర లోతు మీటరు ఉంచండి. మొదటి సంవత్సరం టైంటేబుల్లో ఈత పెట్టి, నేర్పేవాళ్ళకి జీతం ఇవ్వండి. అమ్మాయిల హాస్టల్ గేటు ఇప్పుడు ఎన్నింటికి తెరుస్తున్నారో తెలపండి.

పోయిన వారం జవాబు వచ్చింది. విరాళానికి కృతజ్ఞతలు. లోతు గురించి ఆర్కిటెక్టుని, టైంటేబుల్ గురించి డీన్‌ని అడుగుతారట. గేటు విషయం వార్డెన్ పరిధిలోదట.